ఖాళీ పెట్టె సాక్ష్యం కాదు

"మనోళ్లు రాయరు తమ్మీ."

ఈ మాట సూర్యాపేటలో విన్నాను. కోదాడలో విన్నాను. మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఆఫీసులో కూర్చున్నప్పుడూ విన్నాను. బడి కానివ్వండి, దవాఖాన కానివ్వండి, విత్తనాల దుకాణం కానివ్వండి, ఎవరి వెబ్‌సైటు తెరిచినా అడుగున "మీ అభిప్రాయం తెలపండి" అని ఒక ఫారం ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, సందేశం, కింద ఒక నీలిరంగు బటన్. ఏమన్నా వచ్చాయా అని యజమానిని అడిగితే, ఏడాదిలో ఒక్కటీ రాలేదంటాడు. ఎందుకు రాలేదంటే పై మాటే జవాబు. పల్లెటూరి జనం, నోటితో అరుస్తారు గాని కూర్చుని రాసే ఓపిక లేదు, తెలుగులో టైపు చేయడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. ఇంకొందరు ఇదే మాటను మెత్తగా చెబుతారు: ఫిర్యాదు లేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కదా.

రెండు మాటలూ తప్పే. మొదటిది జనం మీద నింద. రెండోది మనకు మనం చెప్పుకునే అబద్ధం. ఈ మూడు ఊళ్ల మధ్య చిన్న చిన్న వెబ్‌సైట్లు కట్టి, చెడినవాటిని బాగుచేసి బతుకుతున్న మనిషిగా చెబుతున్నాను: పెట్టె ఖాళీగా కనబడిన ప్రతిసారీ నేను వెతికింది దారినే, ప్రతిసారీ ఆ దారిలోనే ఎక్కడో ఒకచోట గండి దొరికింది. జనం రాయకపోవడం వల్ల ఖాళీగా ఉన్న పెట్టె నాకు ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు.

కిందటేడు సంగతి చెబుతాను. చివ్వెంల మండలంలో, దురాజ్‌పల్లికి దగ్గరి ఊళ్లో చుట్టాలింటికి పోయాను. నా పని తెలిసిన ఒకామె ఫోన్ పట్టుకుని వచ్చింది. "అన్నా, గీ బడోళ్ల సైటు నువ్వు చేసిందేనా?" కట్టింది నేను కాదు, కానీ చూసుకోమని ఆ మధ్యనే నాకు అప్పగించారు. అదే చెప్పాను. "మూడుసార్లు రాసిన. ఒక్కసారి గూడ జవాబు రాలె. సదివి పట్టించుకోలేదనుకున్న. ఇగ ఊకున్న" అంది.

ఆమె రాసింది బడి బస్సు గురించి. సాయంత్రం పిల్లల్ని 65వ నంబరు జాతీయ రహదారికి అవతలి పక్కన దించి బస్సు పోతోంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే రోడ్డు దాటి ఇవతలికి రావాలి. దురాజ్‌పల్లి దగ్గర ఆ రోడ్డు ఎలాంటిదో సూర్యాపేట జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగినప్పుడు హైదరాబాద్–విజయవాడ బండ్లను పోలీసులు వేరే దారి పట్టిస్తారు. మిగతా రోజుల్లో ఆ బండ్లన్నీ అక్కడి నుంచే పోతాయి. ఆమె కొడుకు రెండో తరగతి.

ఆమె ఫోన్‌లో మూడు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే పచ్చ పట్టీ: "ధన్యవాదాలు. మీ సందేశం మాకు అందింది." రాసిన తేదీ గుర్తుండాలని తీసి పెట్టుకుందట. ఫారం నింపడం రాని మనిషి చేసే పనేనా ఇది?

బడి కరస్పాండెంట్ సారు చెడ్డవాడు కాడు. పిల్లలంటే ప్రేమ ఉన్నవాడే. నేను పోయి అడిగితే, "ఏడాది దాటింది తమ్మీ, ఒక్కటి గూడ రాలె. మనోళ్లు రాయరు" అన్నాడు. తల్లి చేతిలో మూడు రసీదులున్నాయి, సారు పెట్టెలో ఒక్క ఉత్తరమూ లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అబద్ధం ఆడింది మధ్యలోని ఆ పచ్చ పట్టీ. ఆ అబద్ధంతో ఇద్దరి మనసులూ విరిగాయి. చదివి కూడా పట్టించుకోలేదని ఆమె అనుకుంది. బిడ్డల గురించి పట్టించుకునే తల్లిదండ్రులు లేరని ఆయన అనుకున్నాడు.

ఆ పట్టీ ఎట్లా వస్తుందో చెప్పాలి, ఎందుకంటే "అందింది" అన్న మాటను నమ్మే అలవాటు పోతేగాని ఈ వాదన ముందుకు నడవదు. బటన్ నొక్కగానే మనం రాసింది సర్వర్‌కు పోతుంది. ఏడాదికింత అని అద్దె కట్టే మామూలు హోస్టింగ్‌లో, ఒకే సర్వర్ మీద ఎన్నో సైట్లు ఉంటాయి. అక్కడ ఒక చిన్న పీహెచ్‌పీ స్క్రిప్టు ఆ మాటల్ని ఈమెయిల్‌గా కూర్చి, అదే సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఆ ప్రోగ్రాము తీసుకుని "సరే" అంటుంది. "సరే" అనగానే స్క్రిప్టు పచ్చ పట్టీ చూపిస్తుంది. ఆ "సరే"కు అర్థం పంపడానికి తీసుకున్నామని మాత్రమే, చేరిందని అనుకోవద్దని పీహెచ్‌పీ వాళ్ల సొంత మాన్యువల్‌లోనే రాసి ఉంది. అయినా సైటు కట్టేవాళ్లు దాన్ని "అందింది" అని తెలుగు చేసి జనం ముందు పెడుతున్నారు. రిజిస్టరు ఉత్తరం వేసిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇది ఎంత అన్యాయమో తెలుస్తుంది. అవతలి మనిషి సంతకంతో అక్నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగి ఇంటికి వస్తేనే ఉత్తరం ముట్టిందని నమ్మేవాళ్లం. ఇక్కడ మనం కవరు అందించగానే, దాన్ని సంచిలో కూడా వేయకముందే, సంతకం చేసిన కార్డు చేతిలో పెడుతున్నారు.

"నేనే చెక్ చేసిన గద, మంచిగ వచ్చింది" అన్నాడు సారు. నిజంగానే వచ్చింది. అందరూ పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను.

సారు పరీక్ష చేసేటప్పుడు ఈమెయిల్ గడిలో బడి పేరుతో ఉన్న అడ్రసే కొట్టాడు. తల్లి తన జీమెయిల్ అడ్రసు కొట్టింది. ఫారం వెనక ఉన్న స్క్రిప్టు, గడిలో ఎవరి అడ్రసు ఉంటే ఆ అడ్రసునే "పంపినవారు" అన్నచోట పెడుతుంది. అంటే తల్లి రాసిన ఉత్తరం, జీమెయిల్ నుంచి వస్తున్నట్టు కవరు మీద రాసుకుని, జీమెయిల్‌తో ఏ సంబంధమూ లేని అద్దె సర్వర్ నుంచి బయల్దేరింది. సారు ఉత్తరం మాత్రం బడి పేరుతో, బడి సర్వర్ నుంచే వెళ్లింది. కవరు మీది పేరూ, బయల్దేరిన చోటూ సరిపోయాయి. అందుకే యజమాని పరీక్షిస్తే ప్రతిసారీ పనిచేస్తుంది, బయటివాళ్లు రాస్తే ప్రతిసారీ మధ్యలో పోతుంది. ఇంటాయన చేతికి ఎప్పుడూ తెరుచుకుని, వచ్చినవాళ్ల చేతికి ఎప్పుడూ తెరుచుకోని తలుపు ఇది. తలుపు బాగానే ఉందని ఇంటాయన ఒట్టు పెట్టి మరీ చెబుతాడు.

ఎందుకిట్లా? ఈమెయిల్ పంపే పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాసినప్పుడు, కవరు మీద పంపినవారి పేరు ఎవరేం రాసుకున్నా నిలదీసే ఏర్పాటు అందులో లేదు. అప్పట్లో వాడేవాళ్లు కొద్దిమంది, ఒకరినొకరు ఎరిగినవాళ్లు. తరవాత దొంగ ఉత్తరాల వరద మొదలైంది. దాన్ని ఆపడానికి మూడు కాపలాలు పెట్టారు. నా పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉందని డొమైన్ యజమాని బహిరంగంగా రాసిపెట్టడం ఎస్‌పీఎఫ్. ప్రతి ఉత్తరం మీదా ముద్ర వేయడం డీకిమ్. ఈ రెండూ సరిపోలకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2014 ఏప్రిల్‌లో యాహూ తన పేరు పెట్టుకుని వేరేచోటి నుంచి వచ్చే ఉత్తరాలను గుమ్మంలోనే తిప్పికొట్టమని ప్రపంచానికంతా చెప్పింది. ఆ వారం నుంచే, వచ్చినవాళ్ల అడ్రసును "పంపినవారు"గా పెట్టే ఫారాలకు యాహూ వాడేవాళ్ల మాట అందడం ఆగిపోయింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ ఇంకా బిగించాయి. జీమెయిల్‌కు ఉత్తరం పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫో డీకిమో ఉండి తీరాలి. ఇవి మంచి కాపలాలే, నాకు వాటితో పేచీ లేదు. కాపలా మారిన సంగతి తెలుసుకోకుండా పాత తాళంచెవితో తలుపు తీయబోయి, తెరుచుకోకపోతే ఊరి జనాన్ని తిట్టేవాళ్లతోనే నా పేచీ.

మరి తిప్పికొట్టిన ఉత్తరం ఎటు పోతుంది? అది చాలామంది అడగని ప్రశ్న. పంపిన సర్వర్‌కే వెనక్కి వస్తుంది. ఇలాంటి అద్దె సర్వర్లలో ప్రతి ఖాతాకూ పుట్టుకతో ఒక మెయిల్ పెట్టె ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు, అది ఉందని కూడా చాలామందికి తెలియదు. బడి ఖాతాలో ఆ పెట్టెను నేను కరస్పాండెంట్ గదిలో, ఆయన ఎదురుగానే తెరిచాను.

ముప్పైకి పైగా ఉన్నాయి.

ప్రతిదాని నెత్తిన ఇంగ్లీషులో 550 అన్న అంకెతో తిరస్కరణ. దాని కింద, చెక్కుచెదరకుండా, మనిషి రాసిన మాటలు. కొన్ని తెలుగు అక్షరాల్లో, ఎక్కువ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి రాసినవి, రెండుమూడు చక్కని ఇంగ్లీషులో. ఒక తాత రాశాడు, వడ్లు అమ్మినంక ఫీజు కడతానని, అప్పటిదాకా మనవరాలిని తరగతి బయట నిలబెట్టవద్దని. ఒక తండ్రి రాశాడు, ఆడపిల్లల బాత్రూముకు గొళ్లెం లేదని, తన బిడ్డ పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటోందని. ఇంకొకరు తెలుగు టీచరమ్మకు కృతజ్ఞత చెబుతూ పేరాలు పేరాలు రాశారు. ఆ టీచరమ్మ అప్పటికే మానేసి పోయింది. దురాజ్‌పల్లి తల్లివి మూడూ ఉన్నాయి. మొదటిది పది వాక్యాలు. రెండోది నాలుగు. మూడోది ఒక్కటే: "సార్ దయచేసి చదవండి."

సారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే బస్సుకు ఒక ఆయమ్మను పెట్టి, పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించమన్నాడు. రాయరన్న మాట ఆయన నోట మళ్లీ నేను వినలేదు. కానీ ఆయన ఒక్కడు మానేస్తే ఏమవుతుంది? జిల్లా అంతా అదే మాట అంటోంది.

ఈమెయిల్ ఒక్కటే దారి కాదు, గండ్లు ఇంకా ఉన్నాయి. తెలుగు అక్షరాల దగ్గర పడేవి నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తాయి. మిర్యాలగూడలో ఒక ఫారంలో పేరు గడి ఇంగ్లీషు అక్షరాలనే ఒప్పుకునేది. తెలుగులో పేరు రాస్తే చుట్టూ ఎర్ర గీత వచ్చేది, సరైన పేరు రాయమని ఇంగ్లీషులో హెచ్చరిక. తల్లిదండ్రులు పెట్టిన పేరును తల్లి భాషలో రాసుకున్న మనిషికి, తెలుగు గడ్డ మీద, నీ పేరు సరైంది కాదని ఒక యంత్రం చెబుతోంది. ఆ మనిషి ఫోన్ పక్కన పడేస్తే తప్పెవరిది?

"చివ్వెంల" అని రాసి చూడండి. కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి 8 గుర్తులు: చ, గుడి, వ, పొల్లు, మళ్లీ వ, ఎత్వం, సున్న, ల. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే ఊరి పేరుకే 24 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే. సందేశం 500 దాటకూడదని ఫారంలో పెట్టి, స్క్రిప్టులో బైట్లు లెక్కపెట్టేవాడు, ఇంగ్లీషులో రాసేవాడికి 500 అక్షరాలు ఇచ్చి తెలుగులో రాసేవాడికి 166 గుర్తులే ఇస్తున్నాడు. నాలుగు వాక్యాలు కూడా పట్టవు. కుదించి రాయడం మనవాళ్లకు చేతకాదని మళ్లీ అదే నింద.

కోదాడలో చూసిన దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. అక్కడ ఫారం డేటాబేసులోకి పోయేది, ఈమెయిల్ గొడవ లేదు. యజమాని తెరిచి చూపించాడు. పేర్లున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి, సందేశం గడులు మాత్రం చాలావరకు ఖాళీ. "పేరు రాసి ఊకుంటరు, ఏం చెప్పాల్నో వాళ్లకే తెల్వదు" అన్నాడు. ఖాళీగా ఉన్నవాళ్లలో ఒకాయనకు ఫోన్ చేసి ఏం రాశారో అడిగాను. ఫోన్‌లోనే గుర్తు తెచ్చుకుంటూ చెప్పాడు, ముందు దండం బొమ్మ పెట్టి, ఆ తరవాత విషయం రాశానని. దండం పెట్టే చేతుల బొమ్మ! మన మనిషి పెద్దవాళ్లకు ఏం రాసినా దండంతోనే మొదలుపెడతాడు. ఆ బొమ్మకు 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో 'యూటీఎఫ్8' అని పేరున్న పాత ఏర్పాటు 3 బైట్ల దాకానే పడుతుంది. పట్టనిది ఎదురైతే, కట్టుదిట్టం చేయని సర్వర్లలో, అక్కడి నుంచి ఆ చివరిదాకా కత్తిరించి పారేస్తుంది. దండం మొదట్లో ఉంటే మిగిలేది శూన్యమే. 2018లో వచ్చిన 8.0 నుంచి మైఎస్‌క్యూఎల్ తానుగా 4 బైట్ల ఏర్పాటే ఇస్తోంది, కానీ అంతకుముందు కట్టిన సైట్లు, అంతకుముందటి పట్టికలు అట్లాగే నడుస్తున్నాయి. మర్యాదగా దండం పెట్టి మాట్లాడిన ప్రతి మనిషి మాటా ఆ సైటు తుడిచేసింది. దండం పెట్టకుండా తిట్టినవాళ్లవి మాత్రం భద్రంగా ఉన్నాయి. అవి చూసి యజమాని, రాసే నలుగురూ తిట్టడానికే రాస్తారని కూడా అన్నాడు.

చిన్నాచితకా లోపాలు ఇంకెన్నో. కోడులో గడికి పేరు పెట్టడం మరిచిపోతే ఆ గడిలోది అసలు బయల్దేరదు. పీహెచ్‌పీ నడవని ఉచిత హోస్టింగ్ మీద పీహెచ్‌పీ ఫారం పెడతారు. ఈమెయిల్ తప్పనిసరి అంటారు, రాసే మనిషికి ఫోన్ నంబరు కంఠతా వచ్చు, ఈమెయిల్ ఏదో షాపువాడు ఫోన్ కొన్నరోజు పెట్టిచ్చింది. నంబరు ముందు +91 ఉంటే తప్పంటారు. ఇవన్నీ ఒక పూటలో బాగయ్యే పనులు.

ఇప్పుడు అసలు నిందకు వద్దాం. తెలంగాణ పల్లె మనిషి రాయడా?

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఈ రాష్ట్రంలో కోటికి పైగా కాగితాలు వచ్చాయి. తొమ్మిదిపది రోజుల్లో. రాయడం రానివాళ్లు పక్కవాళ్ల చేత రాయించుకుని, ఆధార్ జిరాక్సులు జతచేసి, లైన్లో నిలబడి మరీ ఇచ్చారు. ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పోయి చూడండి. బస్సు ఛార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని, మడతలు పెట్టిన అర్జీ జేబులో పెట్టుకుని వచ్చినవాళ్లు ఎంతమందో. వాళ్లు వచ్చేది అక్కడ కాగితం తీసుకునే చెయ్యి ఒకటి కనబడుతుంది గనక. కేంద్ర ప్రభుత్వపు సీపీగ్రామ్స్‌లో అర్జీ పెడితే నమోదు సంఖ్య వస్తుంది, దాంతో తరవాత సంగతి చూసుకోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం 30 రోజుల గడువు పెట్టింది కాబట్టి ఊళ్లలో మామూలు మనుషులు కూడా దాని కింద దరఖాస్తులు రాస్తున్నారు. రాసింది ఎక్కడికి పోతుందో తెలిసినచోట మనవాళ్లు ఆపినా ఆగరు.

ఈ నింద కొత్తది కూడా కాదు. తెలంగాణలో చెప్పుకోదగిన కవులే లేరని ఒకప్పుడు ఒక పెద్దమనిషి తేల్చేశాడు. గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి దానికి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశాడు. 354 మంది కవులు. వాళ్లంతా ఆ ఏడాదే పుట్టుకొచ్చినవాళ్లు కారు. లేరన్న పెద్దమనిషి దగ్గరికి వాళ్ల పద్యం చేరే దారి అంతకుముందు లేదు. ప్రతాపరెడ్డి తన పత్రికను ఆ దారి చేశాడు. ఇవాళ ఖాళీ పెట్టె చూపించి జనం రాయరనేవాళ్లకు నేను చూపించే పుస్తకం అదే.

వాట్సాప్ ఉండగా ఈ ఫారాలెందుకు అంటారు, బలంగానే అంటారు. నిజమే, వాట్సాప్ అందరి చేతిలో ఉంది, తెలుగులో గొంతుతో కూడా చెప్పొచ్చు. కానీ వాట్సాప్‌లో రాసిన మరుక్షణం నీ నంబరు, నీ ఫోటో అవతలివాడికి తెలుస్తాయి. తన బిడ్డ ఏ మాస్టారి క్లాసులో ఉందో ఆ మాస్టారి మీద తండ్రి ఎట్లా రాస్తాడు? దవాఖానలో నర్సు డబ్బులడిగిందని, మళ్లీ అదే దవాఖానలో కాన్పుకు పోవాల్సిన మనిషి పేరు పెట్టి చెబుతుందా? పేరు గడి తప్పనిసరి చేయకపోతే, పేరు లేకుండా చెప్పుకునే వీలు ఫారంలోనే ఉంది. పైగా ఆ వాట్సాప్ నంబరు ఎవరో ఒక ఉద్యోగిది. ఆయన మానేసిన రోజు నీ ఫిర్యాదు ఆయన జేబులోనే ఇంటికి పోతుంది. గ్రూపు అంటారా, పొద్దున పెట్టిన గోడు మధ్యాహ్నానికి శుభోదయాల కింద, పెళ్లిరోజు శుభాకాంక్షల కింద పూడుకుపోతుంది. ఫోన్ చేయమనేవాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో చెప్పినదానికి తేదీ లేదు, కాగితం లేదు, "మీరు అప్పుడు చెప్పలేదే" అంటే ఎదురు చూపించడానికి ఏమీ లేదు.

ఫారం తెరిచి పెడితే చెత్త వచ్చి పడుతుందన్న వాదన ఒక్కటే నేను సగం ఒప్పుకునేది. 1995లో మాట్ రైట్ అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫార్మ్‌మెయిల్ అనే స్క్రిప్టును దొంగ ప్రకటనలవాళ్లు ఏళ్లతరబడి తమ ఉత్తరాలు పంపుకోవడానికి వాడుకున్నారు. ఇవాళ కూడా ఏ ఫారం పెట్టినా వారం తిరక్కుండా యంత్రాలు వచ్చి రుణాల ప్రకటనలు నింపుతాయి. కానీ దానికి చేసే మందు చాలాచోట్ల రోగం కన్నా ప్రమాదం. వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల బొమ్మ పెట్టి, అందులో ఏముందో రాయమంటారు. ఎండలో, పగిలిన ఫోన్ అద్దం మీద, యాభై దాటిన కళ్లతో రైతు అది ఎట్లా చదవాలి? ఇంకొందరు కంటికి కనబడని ఎర గడి ఒకటి పెడతారు, యంత్రం దాన్ని నింపితే పట్టుకోవచ్చని. ఆలోచన మంచిదే, కానీ కొన్ని ఫోన్లు పేరు, అడ్రసు తామే నింపేటప్పుడు ఆ దాచిన గడిని కూడా నింపుతాయి. అప్పుడు మనిషి ఉత్తరం యంత్రం ఉత్తరమని చెత్తలో పడుతుంది. తెర మీద మాత్రం యథాప్రకారం పచ్చ పట్టీ. చెత్త అనుకున్నదాన్ని పారేయకుండా ఒక పక్కన పెట్టి, వారానికోసారి మనిషి కళ్లతో చూస్తే పోయేదేముంది? పది నిమిషాల పని.

ఫిర్యాదు లేదంటే అంతా బాగున్నట్టే అన్నవాళ్లకు ఒక్కటి చెప్పాలి. నల్లా రాకపోతే ఫోన్ చేసి చెప్పొచ్చు. కరెంటు పోతే లైన్‌మ్యాన్‌ను కేకేయొచ్చు. అభిప్రాయాల ఫారం చెడిపోయిందన్న సంగతిని చెప్పుకునే చోటు మాత్రం ఆ ఫారమే. లోకంలో మిగతా లోపాలన్నీ చప్పుడు చేస్తాయి. ఇది ఎంత పూర్తిగా చెడితే అంత నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని తృప్తి కింద జమకట్టుకోవడం, బావిలో చప్పుడు లేదు కాబట్టి ఎవరూ పడలేదని అనుకోవడమే.

బడి సైటులో నేను చేసిన పని పెద్దదేం కాదు. "పంపినవారు" అన్నచోట ఎప్పుడూ బడి సొంత అడ్రసే ఉండేట్టు మార్చాను. తల్లిదండ్రుల అడ్రసు జవాబు పోవాల్సిన చోటికి జరిపాను. బడి డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ ఉండేట్టు చూశాను. ఉత్తరం ముందు డేటాబేసులో చేరి, ఆ తరవాతే ఈమెయిల్‌గా పోయేట్టు చేశాను, ఈమెయిల్ దారిలో పోయినా మాట పోదు. ఈమెయిల్ గడి తప్పనిసరి కాదిప్పుడు. పచ్చ పట్టీ తీసేసి, అర్జీ నంబరు వచ్చేట్టు పెట్టాను: "మీ మాట 1వ నంబరుగా రాసి పెట్టుకున్నాం. చదివాక జవాబిస్తాం." నెలకోసారి ఎవరో ఒక బయటి మనిషి, బడితో సంబంధం లేని ఫోన్ నుంచి, తన సొంత అడ్రసుతో, తెలుగులో, దండం బొమ్మతో మొదలుపెట్టి ఒక ఉత్తరం పంపి చూడాలని సారుతో ఒప్పందం చేసుకున్నాను. సారు తానే పంపుతానన్నాడు. వద్దన్నాను.

తిరిగొచ్చిన ఆ పాత ఉత్తరాలన్నీ ఆయన ప్రింటు తీయించాడు. మరుసటి ఆదివారం బడికి పోతే, కళ్లజోడు పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కొక్క నంబరు కింద గీత గీస్తూ ఫోన్లు చేస్తున్నాడు. కొన్ని కలవలేదు. తాత ఎత్తి, ఫీజు ఎప్పుడో కట్టేశానని చెప్పాడు. గొళ్లెం గురించి రాసిన తండ్రికి కలిసింది. సారు తానెవరో చెప్పి, ఆలస్యానికి మన్నించమన్నాడు. అవతల కొంచెంసేపు ఏమీ వినబడలేదు.

"మా బిడ్డను నిరుడే వేరే బడిల చేర్పించిన సార్" అన్నాడు ఆ తండ్రి. మళ్లీ కాసేపాగి, "గొళ్లెం పెట్టించిన్రా?" అని అడిగాడు.

సారు ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని లేచి, బాత్రూముల వైపు నడిచాడు.